మైకులో అత్తగారు

సమాచార శాఖలో నా ఉద్యోగమంతా ఇతరులు మాట్లాడుతుంటే వినడంతోనే గడిచింది. సభ ఎక్కడ జరిగినా వేదిక కింద, మైకు పెట్టె పక్కన నాకొక ప్లాస్టిక్ కుర్చీ వేసేవారు. నాయకులు ఏం చెప్పారో రాసుకోవడం, అందులో పనికొచ్చేది ఏరి సాయంత్రంలోగా పత్రికలకు పంపడం నా పని. ఏరడానికి పెద్ద శ్రమ ఉండేది కాదు. పనికొచ్చేది ఎప్పుడూ కొంచెమే.

ఈ మధ్య మా శాఖలో కొత్తగా చేరిన పిల్లలు కొందరు ఇంటికి వచ్చి, నా సర్వీసులో మరిచిపోలేని సభ ఏదని అడిగారు. హెలికాప్టర్ దిగిన సభ గురించి చెబుతాననుకున్నట్టున్నారు. నేను చెప్పింది అరకు పైకొండల్లో ఒక సంతలో, ఒక్క ఉపన్యాసం కూడా పూర్తికాని సభ గురించి. వాళ్లకు చెప్పిందే ఇక్కడ రాస్తున్నాను. పేర్లు రాయను. ఎందుకు రాయనో చదువుతూ పోతే మీకే తెలుస్తుంది.

నాయకులు ఏ విషయం ఎత్తుకున్నా చివరికి ఇంటికే చేరతారు. రోడ్డు గురించి మొదలుపెడితే నాన్న తొక్కిన సైకిలు వస్తుంది. రేషను గురించి అయితే అమ్మ దాచిన గుప్పెడు బియ్యం వస్తాయి. అందుకు నేను వాళ్లను తప్పు పట్టను. కోట్లు, శాతాలు చదివినంతసేపు జనం పక్కనే జరిగే కోళ్ల బేరం వింటుంటారు. 'మా అమ్మ' అనగానే తలలు వేదిక వైపు తిరుగుతాయి. కింద కూర్చుని కొన్నేళ్లు చూసినవాడికి ఇది బాగా తెలుస్తుంది. అయితే ఇంటి కథ చెప్పడంలోనూ తేడాలుంటాయి. మైదానం నుంచి వచ్చే ఒక పెద్ద నాయకుడికి ఒక సభలో ఇద్దరు అక్కలుండేవారు, ఇంకో సభలో నలుగురు. ఆడపిల్లల చదువు గురించి మాట్లాడిన రోజు అక్కలు పెరిగేవారు. "సార్, ఈ నెల ఇంకో అక్క పుట్టింది," అనేవాడు మా ఫోటోగ్రాఫరు నా చెవిలో. డ్రైవరు పోస్టు ఖాళీగా ఉండటం వల్ల మా ఆఫీసులో ఫోటోగ్రాఫరే బండి కూడా నడిపేవాడు. ఘాట్ రోడ్డు మీద నా ప్రాణం, వేదిక దగ్గర నా ఉద్యోగం రెండూ ఆయన చేతిలోనే ఉండేవి.

నేను చెప్పబోయే ఎమ్మెల్యే గారిది అబద్ధాల బాపతు కాదు. కొండమీది ఊళ్లో పుట్టి, ఆశ్రమ పాఠశాలలో చదువుకుని, అలాంటి బడిలోనే కొన్నాళ్లు టీచరుగా పనిచేసి రాజకీయాల్లోకి వచ్చినావిడ. వయసు చిన్నదే. మేమంతా మేడమ్ అనేవాళ్లం. టీచరుగా చేసిన అలవాటు వల్ల కాబోలు, ఏ విషయానికైనా ఉదాహరణ చెప్పకుండా ఉండలేకపోయేవారు. ఆ ఉదాహరణలన్నీ ఇంట్లోంచే వచ్చేవి. మంచినీటి పథకానికి, గెడ్డనుంచి, అంటే కొండవాగునుంచి, బిందెలు మోసి మోసి వంగిపోయిన వాళ్లమ్మ నడుము. సారా మానిపించడానికి వాళ్ల నాన్న. చలికాలం స్వెట్టర్ల పంపిణీకి, ఒకే దుప్పట్లో పడుకున్న నలుగురు అన్నదమ్ములు. వీళ్లంతా నిజంగా ఉన్నవాళ్లే, ఆ నలుగురు ఎప్పుడూ నలుగురే. మేడమ్ మాట్లాడుతుంటే జనం నవ్వాల్సిన చోట నవ్వేవారు, ముక్కు చీదాల్సిన చోట చీదేవారు. నాకు పని తేలికయ్యేది.

ఆ రోజుల్లోనే మండల కేంద్రంలో ఆసుపత్రి పక్కన గర్భిణుల వసతి గృహం కట్టారు. కొండల మీద, గెడ్డల అవతల ఉండే ఊళ్లలో కడుపుతో ఉన్న ఆడవాళ్లు నెలలు నిండగానే ముందే వచ్చి అక్కడ ఉంటారు, నొప్పులు రాగానే పక్కనే ఆసుపత్రి. డోలీలో మోసుకొస్తుంటే దారిలోనే ప్రాణాలు పోయిన సంగతులు అప్పటికి మేం చాలా విన్నాం. అందుకని ఆ ఇల్లు కట్టాలని మేడమ్ పట్టుబట్టి సాధించారు. మంచాలు, దుప్పట్లు, వేడినీళ్లు అన్నీ అమర్చారు. రిబ్బను కత్తిరించారు. మేం ఫోటోలు తీశాం, ప్రకటన పంపాం.

ఆ ఇంట్లోకి ఎవరూ రాలేదు.

ఒకరిద్దరు వచ్చినా ఒక పూట ఉండి చెప్పకుండా వెళ్లిపోయారు. జనం దానికి 'నొప్పుల బంగళా' అని పేరు పెట్టారు. ఊళ్లకు తిరిగే ఆరోగ్య కార్యకర్తలను అడిగితే, అత్తలు పంపడం లేదని చెప్పారు. అంతే, మేడమ్‌కు ఉదాహరణ దొరికింది.

ఆవిడ మొదటి కాన్పు అత్తవారి ఊళ్లో, ఇంట్లోనే జరిగింది. నడివానాకాలం. రెండు రోజులు నొప్పులు పడి ఆడపిల్లను కన్నారు. తర్వాత రక్తం ఆగకపోతే డోలీలో మోసుకుని కిందికి తెచ్చారు, చావు తప్పింది. ఈ కథ మేడమ్ ఒక సంతలో మొదటిసారి చెప్పారు. "నాను నొప్పులతో సస్తంటే మా అత్త పొయ్యికాడ కూకొని ఏటన్నాదో ఎరుకా?" అని ఆగి, గొంతు కొంచెం బొంగురుగా మార్చి, చీర చెంగు నోటికి అడ్డం పెట్టుకుని, అత్తగారిలా అన్నారు: "మావందరం కన్లేదేటే? కొండంతా పిల్లలే కదే."

సంత సంతంతా నవ్వింది. నేనూ నవ్వాను. ఆవిడ అనుకరణ అంత బాగుంది. చివర్లో చేతులు జోడించి, "అత్తల్లారా, మీ కోడళ్లకి మా అత్తలాటి అత్త కాకండి," అన్నారు. చప్పట్లు. ఆ తర్వాత రెండు మూడు సంతల్లో అదే కథ. ప్రతిసారీ గొంతు ఇంకాస్త బొంగురుపోయింది, చెంగు ఇంకాస్త పైకి వెళ్లింది. మూడోచోట నేను జనంలోకి చూశాను. నవ్వుతున్నవాళ్లంతా వయసులో ఉన్నవాళ్లు, మగవాళ్లు. ముందు వరసలో కూర్చున్న పెద్ద వయసు ఆడవాళ్లు నేలకేసి చూస్తున్నారు. ఒకావిడ లేచి బుట్ట నెత్తిన పెట్టుకుని వెళ్లిపోయింది. ఆ సంగతి మేడమ్‌కు చెబుదామనుకునేలోపే ఆవిడ బండి ఎక్కేశారు.

ఇంటిగుట్టు లంకకు చేటు అన్నారు పెద్దలు. లంకలో సెల్‌ఫోన్లు లేకపోబట్టి విభీషణుడే స్వయంగా సముద్రం దాటవలసి వచ్చింది. ఇక్కడ ఎవరో ఆ ఉపన్యాసాన్ని ఫోన్లో తీసి ఊరూరా పంపేశారు. అత్తగారు ప్రతి వారం సంతలో అల్లం, పసుపు అమ్మేవారు. పక్కన ఎండుచేపలు అమ్మే ఆవిడ తన ఫోను తీసి, చూడు నువ్వు సెల్లులో ఉన్నావు, అని చూపించింది. అత్తగారు మొత్తం చూశారట. మళ్లీ ఒకసారి పెట్టమన్నారట. తర్వాత అల్లం గోనెలోకి ఎత్తుకుని, తిన్నగా మండల కేంద్రంలో కొడుకు ఇంటికి వెళ్లి, తన చీరలు మూటగట్టుకుని, ఎవరితోనూ ఒక్క ముక్క మాట్లాడకుండా కొండెక్కి ఊరికి వెళ్లిపోయారు.

మేడమ్ పర్యటనల్లో తిరుగుతుంటే ఇల్లు నడిపింది ఆ అత్తగారే. ఆ రెండు రోజుల కాన్పులో పుట్టిన అమ్మాయి అప్పటికి బడికి వెళ్తోంది. నానమ్మ జడ వేస్తే తప్ప బడికి కదిలేది కాదు. మేడమ్ భర్త కాఫీ తోట చూసుకునే నెమ్మదస్తుడు. ఆయనకు జడ వేయడం రాదు, వంట అంతకన్నా రాదు. నియోజకవర్గంలో ప్రతిపక్షం పెద్దగా లేకపోయినా ఆయనకు మాత్రం ఇంట్లో రెండు పక్షాలు ఏర్పడ్డాయి, రెంటికీ ఆయనే సమాధానం చెప్పుకోవలసి వచ్చింది.

వారం గడిచాక మేడమ్ నన్ను పిలిపించారు. చుట్టూ దరఖాస్తులు పట్టుకున్న జనం. వాళ్లందరినీ బయట ఉండమని, తలుపు దగ్గరికి వేసి, "మాస్టారూ, మీరు ఒకసారి మా అత్తవారి ఊరు వెళ్లి రావాలి," అన్నారు. ఆవిడ నన్ను మాస్టారూ అనేవారు. ఆవిడ దృష్టిలో రాసేవాళ్లంతా మాస్టార్లే. తను వెళ్తే అత్త మాట్లాడదని, భర్త వెళ్తే ఆయనే నోరు విప్పడని, పెద్దవాణ్ణి కాబట్టి నాకైతే కనీసం మంచినీళ్లు ఇస్తుందని చెప్పారు. ఇది సమాచార శాఖ విధుల్లోకి వస్తుందా రాదా అని నేను కాసేపు ఆలోచించాను. బండి దగ్గర ఫోటోగ్రాఫరు తేల్చేశాడు: "ప్రభుత్వానికీ ప్రజలకీ మధ్య వారధి అని మన బోర్డు మీదే రాసుంది సార్. బేగి ఎక్కండి."

నవంబరు నెల. దారి పొడవునా వలిసె పూలు పసుపు ఆరబోసినట్టున్నాయి. బండి గెడ్డ దాకా వెళ్లింది. అక్కడినుంచి నడక. అత్తగారు ఇంటి ముందు టార్పాలిన్ మీద కాఫీ పళ్లు ఆరబోసి కాలితో కలియదిప్పుతున్నారు. సన్నగా, నిటారుగా ఉన్నారు. గొంతు బొంగురుగా లేనే లేదు. మేడమ్ వేదికమీద చూపించిన మనిషికీ ఈవిడకీ పోలికే లేదు. మంచినీళ్లు ఇచ్చారు. కాఫీ కూడా ఇచ్చారు. నేను వచ్చిన పని చెప్పకముందే ఆవిడే మొదలుపెట్టారు.

"నా గొంతు పెట్టి మాటాడినాది బాబూ. అందరూ నవ్వినారు. నువ్వూ నవ్వినావు, సెల్లులో అవుపించినావు."

నవ్విన మాట నిజమే. కోడలు చెప్పినదాంట్లో అబద్ధం ఉందా అని అడిగాను. ఆవిడ కాఫీ పళ్లు కలపడం ఆపలేదు. అబద్ధమని తను అనలేదన్నారు. కాసేపటికి వచ్చి అరుగు మీద కూర్చుని, వేరే సంగతి చెప్పారు. ఆవిడకు ఒక కూతురుంది. కోడలు ఇంటికి రాకముందు మాట. ఆ కూతుర్ని మొదటి కాన్పుకి జీపులో కింద ఎక్కడో ఒక పెద్దాసుపత్రికి తీసుకెళ్లారు. తల్లిని లోపలికి రానివ్వలేదు. లోపల ఆ పిల్లకు కొండభాషే గాని తెలుగు సరిగ్గా రాదు, ఆసుపత్రి వాళ్లకు ఆ భాష రాదు. అరిచినందుకు కసిరారు. గేటు బయట, దీపస్తంభం కింద, ఈవిడ రాత్రంతా కూర్చున్నారు. తెల్లవారాక కూతుర్ని అప్పగించారు. బిడ్డ దక్కలేదు.

"నాను పక్కనుంటే బతికీవోడని అన్ను. అది నాకు తెల్దు. గానీ గుంట ఒక్కర్తే పడుంది బాబూ. సెయ్యి పట్టుకోడానికి ఒకలూ లేరు."

తర్వాత ఆవిడ నన్ను ఒక ప్రశ్న అడిగారు. నొప్పుల బంగళాలో కోడలికి మంచం ఉంది సరే, అత్తకు ఎక్కడుంది? చోడి అంబలి కాచుకోవడానికి పొయ్యి ఉందా? నేను ఆ ఇంటి గురించి మూడు ప్రకటనలు రాసినవాణ్ణి. కానీ రిబ్బను దాటి లోపలికి వెళ్లలేదు. తెలీదన్నాను. వచ్చే సంతరోజున ఆవిడ అల్లం అమ్మే సంతలోనే మేడమ్ సభ ఉంది, వస్తారా అని అడిగాను. సంతకి తను రాకపోవడమేమిటి, అల్లం ఎవరు అమ్ముతారని ఆవిడ తిరిగి అడిగారు.

తిరిగొచ్చి మేడమ్‌కు చెప్పాను. ఆడపడుచు బిడ్డ పోయిన సంగతి ఆవిడకు తెలుసు. గేటు బయట రాత్రి సంగతి తెలీదు. అత్త ఎప్పుడూ చెప్పలేదట. టేబులు మీది పేపర్‌వెయిట్ పక్కకు జరిపి, ఈసారి అత్త కథ వద్దు, వసతి గృహంలో ఏమేమి ఉన్నాయో అవే చెబుతాను, రాసివ్వండి అన్నారు. నేను రాసిచ్చాను. అంతకన్నా చప్పటి ఉపన్యాసం నా సర్వీసులో రాయలేదు. అందులో దుప్పట్ల రంగు కూడా ఉంది.

ఆ సంతరోజు మధ్యాహ్నం దాకా మంచు విడలేదు. పసుపు కొమ్ములు, అల్లం, మిరియాలు, కోళ్లు, ప్లాస్టిక్ బకెట్లు అన్నీ పొగమంచులోంచి ఒక్కొక్కటే బయటపడుతున్నాయి. వేదిక అంటే రెండు బల్లలు, ఒక షామియానా. ఆసుపత్రిలో పనిచేసే డాక్టరమ్మ, మైదానం నుంచి కొత్తగా వచ్చిన అమ్మాయి, ఒక కుర్చీలో కూర్చుంది. మేడమ్ మైకు అందుకుని, నేను రాసిన కాగితం విప్పి, తల ఎత్తారు. అత్తగారు మొదటి వరసలో నేలమీద, అల్లం గోనె పక్కన పెట్టుకుని, చేతులు కట్టుకుని కూర్చుని ఉన్నారు. ఆవిడ వెనక ఆవిడ వయసు ఆడవాళ్లు ఇంకా చాలామంది. ఆ రోజు బేరాలు ఆపి మరీ వచ్చినట్టున్నారు.

మేడమ్ మొదటి వాక్యం చదివారు. రెండోది సగంలో ఆగిపోయారు. ఆవిడ అలా ఆగడం నేనెప్పుడూ చూడలేదు. మైకు చిన్నగా ఈల వేసింది. కాగితం మడిచి చేతిలో పెట్టుకుని, తను ఇక్కడా అక్కడా అత్త గురించి చెప్పిన కథ మీరంతా సెల్లుల్లో చూసే ఉంటారని, నవ్వించడానికి అత్త గొంతుతో మాట్లాడటం తప్పేనని, తెలిసినంత చెప్పాను కానీ తెలియనిది చాలా ఉందని ఈ వారమే తెలిసిందని చెప్పారు.

అత్తగారు కూర్చున్నచోటినుంచే అన్నారు. గట్టిగా అనలేదు, కానీ సంత మొత్తం అప్పటికే నిశ్శబ్దంగా ఉంది. "నీకు తెల్నిది ఇంకొకటున్నాది. సెప్పమన్నావా?"

మేడమ్ వేదిక దిగి మైకు తీసుకెళ్లి ఆవిడ నోటి దగ్గర పెట్టబోయారు. ఆవిడ దాన్ని చేత్తో పక్కకు నెట్టేశారు. అయితే తీగ చివర ఆ మైకు ఇద్దరి మధ్యా వేలాడుతూ ఉండటంతో మాటలన్నీ అందరికీ వినిపించాయి.

ఆవిడ చెప్పింది ఇది. కోడలు నొప్పులు పడుతున్న రెండో రోజు పొద్దున, కాఫీ తోట పనిమీద కిందికి వెళ్లిన కొడుకు సంగతి తెలిసి ఒక జీపు పంపించాడు. గెడ్డ నిండుగా పారుతుంటే జీపు అవతలి ఒడ్డున ఆగి హారను కొట్టింది. నలుగురు మనుషులు పట్టుకుంటే దాటించగల నీళ్లే. అత్తగారు ఒక్కరే గెడ్డ దాకా వెళ్లారు.

"బిడ్డ పుట్టీసినాది, ఎల్లిపోమన్నాను. జీపోడు ఎల్లిపోనాడు. అప్పటికి ఏటీ పుట్టనేదు. గేటు బయట మళ్లీ కూకోలేనని భయమేసినాది. నానే పంపీసినాను. ఎవులికీ సెప్పనేదు, నా కొడుక్కీ సెప్పనేదు."

షామియానా మీద మంచు నీళ్లు చుక్క చుక్క రాలుతున్న శబ్దం వినిపించింది. మేడమ్ భర్త జనం వెనక ఒక చెట్టు కింద నిలబడి ఉన్నారు. జీపు ఆలస్యంగా వెళ్లిందని, అప్పటికే బిడ్డ పుట్టిందని జీపువాడు చెప్పిన మాట ఆయన ఇన్నేళ్లూ నమ్మారు. ఆయన తల వంచుకున్నారు. వేదిక మీది కథ అత్తను అవమానించిందని నేను అనుకున్నాను. ఆవిణ్ణి అంత బాధపెట్టినది వేరే ఉంది. కోడలు నవ్విస్తూ చెప్పిన ఆ కథ, ఆవిడ దాచుకున్న నిజానికి ఒక అడుగు దూరంలో ఆగిపోయింది, అంతే.

ఆ రోజుల్లో నేను చాలామంది నాయకుల్ని చూశాను. ఇలాంటి క్షణం చేతికి వస్తే ఏం చేయాలో వాళ్లకు తెలుసు. ఆలింగనం, కన్నీళ్లు, మైకు, ఫోటో. మేడమ్ చీర మడత కూడా చూసుకోకుండా అత్త పక్కన తడినేల మీద చతికిలబడి కూర్చున్నారు.

"హారను నాకూ వినపడినాది అత్తా. నొప్పుల్లో కలేమో అనుకున్నాను."

అత్తగారు ఆవిడ చెయ్యి తీసుకుని తన ఒళ్లో పెట్టుకున్నారు. మేడమ్ నెమ్మదిగా, మరి అప్పుడే ఎందుకు చెప్పలేదని అడిగారు.

"నువ్వు బతికినావు కదా, ఇంకేటి సెప్పీది అనుకున్నాను. తరవాత సెప్దావంటే నువ్వు ఎమ్మెల్యే అయిపోనావు. ఎమ్మెల్యేకి ఎవులు సెప్తారు?"

మొదట ఎండుచేపలావిడ నవ్వింది. తర్వాత ముసలమ్మలు నవ్వారు. చివరికి అత్తాకోడళ్లు ఇద్దరూ నవ్వారు, కళ్లు తుడుచుకుంటూనే. ఇంతకుముందు సంతల్లో విన్న నవ్వుకూ దీనికీ తేడా నాకు తెలిసింది. ఈసారి నవ్వు ముందు వరసలో మొదలైంది.

ఇక సభ మా చేతుల్లోంచి పోయింది. అందరూ ఒకేసారి మాట్లాడటం మొదలుపెట్టారు. ఒకావిడ తన కోడల్ని పంపుతాను గానీ తననూ ఉండనిస్తారా అంది. డాక్టరమ్మ లేచి, వసతి గృహంలో ఉండవచ్చని, కాన్పు గదిలోకి కూడా ఇంటి ఆడమనిషి ఒకరిని రానిచ్చేలా తను చూస్తానని చెప్పింది. ఇంకొకావిడ లేచి, కోడలూ తనూ అక్కడే ఉంటే మేకల్ని ఎవరు చూస్తారని అడిగింది. మేకలకు మంచాలు లేవని మేడమ్ చెప్పారు. ఆ సమస్య మగవాళ్లకు అప్పగించాలని ఆడవాళ్లంతా అక్కడికక్కడే తీర్మానించారు. వెనక నిలబడిన మగవాళ్లు ఆకాశం వైపు చూశారు. వచ్చే సంతలోపు వసతి గృహం వెనక వంటకు పాక, పొయ్యిలు వేయిస్తానని, ప్రతి కోడలి మంచం పక్కన అత్తకో అమ్మకో ఇంకో మంచం వేయిస్తానని మేడమ్ మాట ఇచ్చారు.

అంతా అయ్యాక ఫోటోగ్రాఫరు కోసం చూశాను. కెమెరా మెళ్లో వేలాడుతోంది, రుమాలు మొహం మీద ఉంది. ఒక్క ఫోటో తీయలేదు. ఇన్నేళ్ల సర్వీసులో వేదిక తప్ప జనాన్ని తీయనివాడు, ఆ రోజు రెండూ తీయలేదు.

పత్రికలకు ఏం పంపాలన్నది నా సమస్య. ఇంతటి కథ చేతిలో ఉంది. అల్లం గోనె సర్దుకుంటున్న అత్తగారి దగ్గరికి వెళ్లి, జీపు సంగతి రాయమంటారా అని అడిగాను. ఆవిడ నన్ను పిచ్చివాణ్ణి చూసినట్టు చూశారు. "ఊరోలికి సెప్పినాను గానీ పేపరోలికి సెప్పినానేటి?" అన్నారు. సంతలో వాళ్లంతా ఊరివాళ్లేనన్నమాట. నేను విన్న ఉపన్యాసాలన్నిటికన్నా ఆ మాట నాకు ఎక్కువ నేర్పింది. కొత్త పిల్లలకు నేను చెప్పాలనుకున్నది కూడా అదే. వెయ్యిమంది ముందు చెప్పినంత మాత్రాన అది మీరు రాయవలసింది అయిపోదు. ఆ మాట ఎవరిదో వాళ్లను అడగండి.

'వసతి గృహంలో గర్భిణుల వెంట వచ్చేవారికీ సౌకర్యం కల్పిస్తామని ఎమ్మెల్యే హామీ ఇచ్చారు' అని ఒక్క వాక్యం పంపాను. మర్నాడు జిల్లా కేంద్రం నుంచి మా పై అధికారి ఫోన్ చేసి, అక్కడేదో పెద్ద గొడవ జరిగిందట కదా, ఇంత చప్పటి నోటు ఏమిటని కోప్పడ్డారు. గొడవేమీ లేదండీ, అత్తాకోడళ్లు మాట్లాడుకున్నారు అన్నాను. అదా, అని ఆయన పెట్టేశారు.

మేడమ్ మాట నిలబెట్టుకున్నారు. తర్వాతి సంతకు వంటపాక సిద్ధమైంది. గర్భిణుల కన్నా ముందు అత్తలు వచ్చారు, తనిఖీకి. పరుపులు నొక్కి చూశారు, నీళ్లు వాసన చూశారు, మరుగుదొడ్డి మంచాలకు అంత దగ్గరగా ఎందుకు కట్టారని ఇంజనీరును నిలదీశారు. రెండో వారం గెడ్డ అవతలి ఊరునుంచి మొదటి కోడలు వచ్చింది, వెంట అత్త, అత్త వెంట ఒక మేక. మేకను వెనక్కి పంపడానికి ఒక పూట చర్చలు జరిగాయి. ఆ అమ్మాయికి భయం తీర్చడానికి మేడమ్ అత్తగారు తనూ వచ్చి అక్కడే పడుకున్నారు. ఆసుపత్రిలో కేకలేసే ఒక పెద్ద నర్సమ్మ ఉండేది. మొదటి రోజు ఆవిడకూ అత్తగారికీ యుద్ధం జరిగింది, నాలుగో రోజుకి ఇద్దరూ ఒకే పొయ్యి దగ్గర కాఫీ తాగుతున్నారు. మగపిల్లవాడు పుట్టాడు. కాన్పు గదిలో చెయ్యి పట్టుకుని నిలబడ్డది ఆ పిల్ల అత్తే. బయట వసారాలో ఎదురుచూస్తున్నవాళ్లలో నేనూ ఉన్నాను, ఆఫీసు పని ఏమీ లేకపోయినా.

జడల సమస్య కూడా తీరింది. అత్తగారు కొడుకు ఇంటికి తిరిగొచ్చారు, ఒక షరతు మీద. ఇక మైకులో ఎవరి పేరు ఎత్తాలన్నా ముందు ఇంట్లో అడగాలి. మేడమ్ ఒప్పుకున్నారు. ఆ తర్వాత ఆవిడ ఉపన్యాసాలు కొంచెం చిన్నవయ్యాయి. సారా గురించి చెప్పేటప్పుడు, మా నాన్నను అడిగే చెబుతున్నాను, అనేవారు. జనానికి అది ఇంకా నచ్చేది. భర్త మాత్రం తన గురించి ఏమీ చెప్పవద్దని ముందే చెప్పేశారట. అందుకే నియోజకవర్గంలో చాలామందికి ఆవిడ భర్త ఎలా ఉంటారో కూడా తెలిసేది కాదు.

తర్వాతి ఎన్నికల్లో మేడమ్ ఓడిపోయారు. దానికీ దీనికీ సంబంధం లేదు, గాలి అటు వీచింది. ఇప్పుడు కాఫీ తోట చూసుకుంటున్నారు. వసతి గృహం మాత్రం నిండుగానే ఉంది. నేను రిటైరయ్యాక ఈ సంగతి రాయాలనిపించింది. మేడమ్‌కు ఫోన్ చేస్తే, తన అభ్యంతరం లేదు గానీ కథ అత్తది, అక్కడికే వెళ్లి అడగండి అన్నారు. వెళ్లాను. బండి లేదు కనుక బస్సులో, తర్వాత ఆటోలో. గెడ్డ మీద ఇప్పుడు చిన్న వంతెన ఉంది.

అత్తగారు ముసలివారయ్యారు, నడుము మాత్రం ఇంకా నిటారుగానే ఉంది. రాసుకోవచ్చా అని అడిగితే ఆలోచించకుండానే రాసుకోమన్నారు. అప్పుడు వద్దన్నారు కదా, ఇప్పుడేం మారిందన్నాను.

"అప్పటికి నా మనవరాలికి సెప్పనేదు. మొన్న సెలవులకి ఒచ్చినాది, సెప్పీసినాను. ఆల్లమ్మకి సెప్పినప్పటికంటే గుండె దడదడ కొట్టుకున్నాది."

ఆ గెడ్డ ఒడ్డున హారను మోగిన పూట ఇంకా పుట్టని ఆ అమ్మాయి ఇప్పుడు కాలేజీలో చేరింది, విశాఖలో హాస్టల్లో ఉంటోంది. తను ఏమంది అని అడిగాను. అత్తగారు చెంగు నోటికి అడ్డం పెట్టుకున్నారు, నవ్వు ఆపుకోవడానికి.

"'అయితే నాను పుట్టకముందే పుట్టీసినానని జీపోడికి సెప్పేసినావేటి నానమ్మా' అన్నాది. అనీసి, జడ ఎయ్యమని నా ముందుకొచ్చి కూకున్నాది."